టెంపుటూ తొంభై ఒకటి

ముందుగా ఒక మాట. నాకు అక్షరాలు యాభై తొమ్మిదో ఏట వచ్చాయి. ఒత్తు పడాల్సినచోట పడకపోయినా, దీర్ఘం అక్కర్లేనిచోట సాగినా మన్నించండి. చెయ్యి కూడా నిదానం. రోజుకు అరపేజీ దాటదు. చదువుతుంటే ఎక్కడైనా కథ ఆగినట్టనిపిస్తే, అక్కడ నేను పెన్ను కిందపెట్టి చెయ్యి విదిలించుకున్నాననుకోండి.

ఆ ఆసుపత్రి రెండో అంతస్తులో టైపు గది ఉండేది. కిటికీ పక్కన ఒక బల్ల, తలుపు పక్కన ఒక బల్ల, మధ్యలో ప్రింటరు. ఇంటికి పంపాల్సిన రోగుల వివరాలు డాక్టర్ల చేతిరాతలో నీలం ట్రేలోకి వచ్చి పడేవి. వాటిని టైపు చేసి, అచ్చుతీసి, కిందికి పంపితేగానీ కింద బెంచీల మీద సంచులు సర్దుకుని కూర్చున్నవాళ్ళకు గేటు దాటే వీల్లేదు.

కిటికీ పక్క బల్ల టైపిస్టమ్మది. ఇరవై రెండేళ్ళుగా ఆమె వీపు ఆ కిటికీకే ఆని ఉంది. కోడి కెలికినట్టుండే డాక్టరు రాతను కూడా ఆమె కళ్ళు ఇట్టే విప్పేవి. తలుపు పక్క బల్ల చిన్న టైపిస్టుది. ఆ పిల్లకు ఏదైనా మాట అంతుపట్టకపోతే కాగితం పట్టుకుని కిటికీ దగ్గరికి పరుగెత్తేది. "ఇది లివరా, ఫీవరా అక్కా?" అంటే టైపిస్టమ్మ తల తిప్పకుండానే, "ఆ డాక్టరు ఎల్ రాస్తే కింద కాలు ఉండదు. అది లివరు," అనేది.

ఆ అంతస్తు తుడిచే ఆయాను అందరూ నిదానమ్మ అని పిలిచేవారు. మూలమూలకూ తుడుపుకర్ర పెట్టి, బల్లకాళ్ళ చుట్టూ గుడ్డతో ఒత్తి, మళ్ళీ వెనక్కి వచ్చి చూసుకుంటుందని ఆ పేరు. పెట్టింది టైపిస్టమ్మే. పెట్టినావిడే మధ్యాహ్నం భోజనం వేళ ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని అక్షరాలు నేర్పేది.

ఆ సోమవారం కూడా ఇద్దరూ అలాగే కూర్చున్నారు.

"మొన్నటి 'ఖ' చూపించక్కా."

నిదానమ్మ నోటుపుస్తకం తెరిచింది.

"ఇది 'ఖ'నా? వెన్నునొప్పితో మంచం దిగుతున్నట్టుందే."

"రాసినదాని పోలికే కదమ్మా రాతకూ వచ్చేది. నా నడుం చూసి నేర్చుకుంది."

టైపిస్టమ్మ నవ్వి, డబ్బా మూత పెట్టి, చెయ్యి తుడుచుకుని కీబోర్డు మీద ఒక మాట కొట్టింది. తెర మీద ఏమీ పడలేదు. ఆమె చేతులు ఒళ్ళో పెట్టుకుని ఎదురుచూసింది. ఊపిరి నాలుగుసార్లు తీసి వదిలాక అక్షరాలు ఒక్కొక్కటే, మెట్లెక్కే ముసలివాళ్ళలా వచ్చాయి. బల్ల కింద పెట్టెలో ఫ్యాను హోరుమంటోంది. ఆ పెట్టె ముందు చిన్న ఎర్రదీపం ఒకటి ఉంది. రోజూ దుమ్ము తుడుస్తుంది కనుక నిదానమ్మకు తెలుసు. చిన్న టైపిస్టు పెట్టె మీది దీపం మిణుకుమిణుకుమంటుంది. ఈ దీపం మాత్రం ఆరకుండా వెలుగుతూనే ఉంటుంది.

టైపిస్టమ్మ మూడు మీటలు కలిపి నొక్కింది. తెర మీద ఒక జాబితా తెరుచుకుంది. మిషన్ లోపల ఆ క్షణాన ఏయే పనులు నడుస్తున్నాయో, ఏది ఎంత శక్తి లాగేస్తోందో అందులో ఉంటుందని ఆమె ఇదివరకే చెప్పింది.

"అన్నిటికన్నా పైనున్నది టెంప్ టూ. మళ్ళీ అదే. పేరు, పక్కన అంకె రాయి. ఇవాళ్టి పాఠం అదే."

నిదానమ్మ నాలుక పళ్ళ మధ్య పెట్టుకుని తేదీ రాసింది. పక్కన 'టెంపుటూ' అని రాసింది. దాని పక్కన 91 వేసింది. రెండు నెలలుగా రోజూ ఇదే పాఠం. ఆ పేజీల్లో పై నుంచి కిందికి టెంపుటూ 84, టెంపుటూ 88, టెంపుటూ 90 అని వరసగా ఉన్నాయి. వాటిలో మొదటి పేజీలో 'ట' తలకిందులుగా ఉంది. ఇవాళ్టి 'ట' నిలబడింది.

"ఎవరమ్మా ఈ టెంపుటూ?"

"నాకు మాత్రం ఏం తెలుసు? మనం పిలవలేదు, మన పని చెయ్యదు. ఊరికే కూర్చుని నూటికి తొంభై పాళ్ళు తింటోంది. మిగిలిన పదిలో నేను టైపు చెయ్యాలి."

"అల్లుడులా ఉన్నాడే," అంది నిదానమ్మ.

టైపిస్టమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని భుజాలు కదిలేలా నవ్వింది. ఆ నవ్వు పూర్తవకముందే మేనేజరు గదిలోంచి కాగితం వచ్చింది. ఆమె నిలబడి చదువుకుంది. చదివి, నాలుగు మడతలు పెట్టి, డబ్బా కింద పెట్టింది.

"ఏమిటమ్మా?"

"కిందటి నెల నేను చేసింది రోజుకు సగటున పందొమ్మిది పేజీలట. పక్క బల్ల నలభై మూడట. ఈ వారంలో తీరు మారకపోతే ఇక రానక్కర్లేదట."

"మిషన్ చెడిందని చెప్పలేదా?"

"మూడుసార్లు చెప్పాను. ఈ గదిలో మీదే కొత్త మిషన్, అది చెడటమేమిటన్నారు." ఆమె వేళ్ళు బల్ల అంచు మీద శబ్దం లేకుండా టైపు చేస్తున్నాయి. "ఇంట్లో మంచం మీద అత్తగారుందక్కా. నేను సాయంత్రం వెళ్ళేదాకా కిటికీలోంచి వీధి చూస్తూ ఉంటుంది. రేపటినుంచి పగలంతా ఇంట్లోనే ఉంటానంటే ముందు సంతోషిస్తుంది. తర్వాత అడుగుతుంది, ఎందుకని."

మర్నాడు మధ్యాహ్నం కంప్యూటరాయన వచ్చాడు. ఆసుపత్రిలో మిషన్లన్నిటికీ అతనే. నలభై దాటిన మనిషి. కళ్ళద్దాలు నుదుటి మీద, చొక్కా జేబులో పెన్నుతోబాటు స్క్రూడ్రైవరు, మెడలో గుర్తింపుకార్డు. మిషన్ ముందు కూర్చుంటే డాక్టరు రోగితో మాట్లాడినట్టు మాట్లాడేవాడు. టైపిస్టమ్మను అక్కగారూ అనేవాడు. ఆమెకు అతను తమ్ముడు.

"చూద్దాం, ఎక్కడ నొప్పి?" అంటూ కుర్చీ లాక్కున్నాడు. అదే జాబితా తెరిచాడు. "ఓహో. టెంప్ టూ. ఎవర్రా నువ్వు? పేరు చూశారా అక్కగారూ? టెంప్ అంటే తాత్కాలికం. పేరు అడిగితే తాత్కాలికం అని చెప్పేవాణ్ణి ఇంట్లోకి రానిస్తామా? దొంగవెధవలే ఇలాంటి పేర్లు పెట్టుకుంటారు."

"తీసేయొచ్చా తమ్ముడూ?"

"తొందరపడకూడదు. ఎవరో, ఎందుకొచ్చాడో తెలియకుండా చంపితే, వాడితోబాటు పనికొచ్చేది కూడా చస్తుంది. ముందు ఇల్లు కనుక్కుందాం."

నిదానమ్మ తలుపు దగ్గర తుడుస్తోంది. అతని వేలు ఆ పేరు మీద ఒత్తింది. కొత్త కిటికీ ఒకటి తెరుచుకుంది. "ఇదిగో, ఇక్కడుంటున్నాడు. నాలుగు సంచుల అడుగున, అంటే ఫోల్డర్ల లోపల. తయారుచేసిన కంపెనీ పేరు లేదు. డిజిటల్ సంతకమూ లేదు. కంపెనీలవాళ్ళు పంపినదైతే సంతకం ఉంటుంది." నెట్ తీగ పీకి పక్కన పెట్టాడు. వైరసులు వెతికే ప్రోగ్రాం నడిపించి చేతులు కట్టుకు కూర్చున్నాడు. ఇరవై నిమిషాలు పట్టింది. ఏమీ దొరకలేదు.

"వైరసు కాదు. మరి ఎవరు నువ్వు?" ఈసారి ఆ పనిని ఆపే మీట నొక్కాడు. జాబితాలోంచి పేరు మాయమైంది. ఫ్యాను హోరు తగ్గింది. ఎర్రదీపం మిణుకుమంది.

టైపిస్టమ్మ రెండు చేతులూ కలిపి చప్పుడు చేసింది. "పోయిందా?"

"ఉండండి." తీగ మళ్ళీ తగిలించి అతను గోడ గడియారం చూశాడు. పెద్దముల్లు పావు దగ్గరకు రాగానే ఫ్యాను మళ్ళీ హోరెత్తింది. దీపం ఆరకుండా నిలిచింది. పేరు మళ్ళీ పైకొచ్చి కూర్చుంది. "చూశారా? చంపితే లేస్తోంది. అంటే వేళకు దీన్నెవరో లేపుతున్నారన్నమాట. ఏ పని ఏ వేళకు మొదలవ్వాలో మిషన్ లోపల ఒక పట్టిక ఉంటుంది. అందులో పెట్టినవాడి పేరు కూడా రాసుంటుంది. దొంగ దొరికిపోయాడక్కగారూ."

"నువ్వు పట్టుకో, నేను ఈ కాగితాలు కింద ఇచ్చొస్తాను. అక్కడ ఒకాయన పొద్దుటినుంచి చెప్పులేసుకుని కూర్చున్నాడు," అని టైపిస్టమ్మ వెళ్ళింది. చిన్న టైపిస్టు అప్పటికే భోజనానికి వెళ్ళి ఉంది.

అతను పట్టిక తెరిచాడు. పేర్ల వెంట వేలు కిందికి జారింది. ఒకచోట ఆగింది. ముందుకు వంగాడు. కళ్ళద్దాలు నుదుటి మీంచి కళ్ళ మీదికి దించాడు. తీసి చొక్కా అంచుతో తుడిచి, పెట్టుకుని, మళ్ళీ చూశాడు.

నిదానమ్మ బల్లకాళ్ళ దగ్గరికి వచ్చి ఉంది. తెర మీద వేలు ఆగినచోట ఒక తేదీ ఉంది. అంకెలు ఆమెకు వచ్చు. మూడేళ్ళ కిందటిది. తేదీ పక్కన ఒక పేరు, ఇంగ్లీషులో. ఆ అక్షరాలు ఆమెకు రావు. కానీ రానివాళ్ళు అక్షరాన్ని బొమ్మలా చూస్తారు. నిచ్చెనలాంటిది ఒకటి, పక్కన సగం చంద్రుడు, ఆ పక్కన తలకిందులైన కుర్చీ. అవే బొమ్మలు, అదే వరసలో, అతను ముందుకు వంగినప్పుడు బల్లకు తగిలి ఊగుతున్న గుర్తింపుకార్డు మీద ఉన్నాయి.

"రెండ్రోజులకని కదా పెట్టాను," అన్నాడతను, ఎవరితోనూ కాదు.

తర్వాత అతని చేతులు వేగంగా కదిలాయి. పట్టికలో ఆ వరస పోయింది. నాలుగు సంచుల అడుగున ఉన్న ఇల్లు పోయింది. చెత్తబుట్ట బొమ్మ మీద నొక్కి దాన్నీ ఖాళీ చేశాడు. ఫ్యాను నెమ్మదించింది. దీపం మిణుకుమంది. జేబులోంచి పుస్తకం తీసి రెండు వరసలు రాసి, చింపి, మేనేజరు గదికి వెళ్ళాల్సిన ట్రేలో పెట్టాడు.

టైపిస్టమ్మ రెండు కప్పుల టీతో వచ్చింది. "దొరికాడా దొంగ?"

"ఏం లేదక్కగారూ. చెత్త పేరుకుంది. ఊడ్చేశాను."

ఆమె నిలబడే కీబోర్డు మీద ఒక వాక్యం కొట్టింది. వేళ్ళు ఎంత వేగంగా కదిలాయో తెర మీద అక్షరాలు అంత వేగంగా పరుగెత్తాయి. ఆమె ఇంకో వాక్యం కొట్టింది. ఇంకోటి. "అయ్యో నా తండ్రీ," అంది. కళ్ళ వెంట నీళ్ళు వచ్చాయి. "నీ చేతులు చల్లగుండా! నా చేతులే పోయాయనుకున్నాను తమ్ముడూ. ఈ నెలంతా ఇంటికెళ్ళి వేడినీళ్ళలో పెట్టుకుంటున్నాను."

అతను టీ తాగలేదు. ఇంకో వార్డులో పని ఉందని వెళ్ళిపోయాడు. నిదానమ్మ ఆ కప్పు తీసి కడిగింది. నలభై ఏళ్ళుగా ఊడ్చే పనిలో ఉన్న మనిషి ఆమె. ఊడ్చినవాళ్ళు చెత్తను ముందు తలుపు దగ్గర కుప్పపోస్తారు. ఎత్తిపారేసేలోపు దాన్ని అందరూ చూస్తారు.

టైపిస్టమ్మకు అప్పుడే చెబుదామనుకుంది. కిటికీ వైపు చూస్తే ఆవిడ నీలం ట్రే ఒళ్ళోకి లాక్కుని, పెదవుల్లో ఏదో కూనిరాగం తీస్తూ టైపు చేస్తోంది. ఆ సంతోషం మీద మురికినీళ్ళు ఎందుకులే అనుకుని బకెట్ ఎత్తుకుంది.

బుధవారం నలభై ఆరు పేజీలు. గురువారం నలభై ఎనిమిది. రోజూ సాయంత్రం ఎన్ని చేసిందీ లెక్కపుస్తకంలో రాసేటప్పుడు టైపిస్టమ్మ అంకె కింద చిన్న గీత గీసింది. చిన్న టైపిస్టు, "అక్కా, నన్నే దాటేశావే, నాకూ ఆ కాగితం ఇప్పిస్తావా ఏమిటి!" అని ఉడికించింది. మధ్యాహ్నం పాఠంలో జాబితా తెరిస్తే అందులో పైన ఏదో చిన్న పేరు, పక్కన 3 ఉంది.

"అల్లుడు వెళ్ళిపోయాడక్కా," అంది టైపిస్టమ్మ.

శుక్రవారం పదకొండింటికి మేనేజరు పిలిచాడు. ఆమె జుట్టు సర్దుకుని, లెక్కపుస్తకం చంకలో పెట్టుకుని వెళ్ళింది. మెచ్చుకోలేమోననుకుంది. నిదానమ్మ ఆ గది బయట వరండా తుడుస్తోంది. తలుపు ఓరగా ఉంది.

"కూర్చోండమ్మా. నలభై ఆరు, నలభై ఎనిమిది. బాగుంది."

"అంతా మిషనేనండి. బాగుచేశాక చూడండి..."

"మిషన్ బాగుచేయలేదమ్మా." కాగితం చప్పుడైంది. "ఆయన రాసిచ్చాడుగా. 'పరీక్షించాను. లోపమేమీ లేదు. మామూలు శుభ్రం చేశాను.' ఇంతే ఉంది. మరి లోపం లేని మిషన్ మీద కిందటి నెల పందొమ్మిది. సోమవారం నా కాగితం అందింది. బుధవారానికి నలభై ఆరు. దీనికి అర్థం ఏమిటి?"

టైపిస్టమ్మ లెక్కపుస్తకం బల్ల మీదికి జరిపింది.

"చెయ్యలేని మనిషినైతే నేను జాలిపడేవాణ్ణి. మీకు చేతనవును. ఇన్నాళ్ళూ చేయలేదు, అంతే. కింద రోగులు బెంచీల మీద గంటలకొద్దీ కూర్చున్నారు. ఈ రెండు రోజుల లెక్క లేకపోతే నేనింకా ఆలోచించేవాణ్ణేమో. మీరే తేల్చేశారు. సోమవారం ఉత్తర్వు వస్తుంది."

టైపిస్టమ్మ బయటికొచ్చింది. తడి నేల మీద జాగ్రత్తగా అడుగులేసుకుంటూ, గోడ పట్టుకుని నడిచింది. "తడిగా ఉంది కదక్కా," అంది, తానెందుకు గోడ పట్టుకుందో చెబుతున్నట్టు.

కంప్యూటరాయన గది మెట్ల కింద. లోపల పెచ్చులూడిన పెట్టెలు, తీగల చుట్టలు, తెరల వీపులు. నిదానమ్మ తుడుపుకర్ర బయట ఆనించి లోపలికి వెళ్ళింది.

"బాబూ, ఆ టెంపుటూ మీరు పెట్టిందేనని మేనేజరుగారికి చెప్పండి."

అతను టంకం వేస్తున్న చెయ్యి ఆపాడు. "ఎవరన్నారు?"

"మీ మెడలో ఉన్న కార్డు."

అతను కార్డు వైపు చూసుకున్నాడు. స్టూలు ఒకటి ఆమె వైపు తోశాడు. "మూడేళ్ళ కిందట పెద్ద మిషన్ ఆగిపోయిందాయమ్మా. అన్ని వార్డుల కాగితాలూ అందులోనే. పోతాయేమోనని, అక్కగారి మిషన్ కొత్తది కదా అని, పావుగంటకోసారి అన్ని గదుల కాగితాలూ తెచ్చి దాంట్లో మూటగట్టేలా ఒక చిన్న ప్రోగ్రాం రాశాను. రెండ్రోజుల ముచ్చట అనుకుని టెంప్ టూ అని పేరు పెట్టాను. కొత్త పెద్ద మిషన్ వచ్చింది. దీన్ని తీయడం మర్చిపోయాను. మూట పెరుగుతూ పోయింది. చివరికి ఒక మూట కట్టడం అయ్యేలోపే ఇంకో పావుగంట వచ్చేస్తోంది."

"అంటే ఆసుపత్రి బరువంతా ఆవిడ నెత్తిన పెట్టి, ఆవిడ నడవడం లేదన్నారు."

అతను తల దించుకున్నాడు. నిదానమ్మ సంచిలోంచి నోటుపుస్తకం తీసి బల్ల మీద పెట్టింది. అతను పేజీలు తిప్పాడు. టెంపుటూ 84. టెంపుటూ 88. టెంపుటూ 91. రెండు నెలల తేదీలు. ఒక పేజీ మీద నూనె మరక.

"ఇది ఎవరికైనా చూపించావా?"

"ఇంకా లేదు."

"చూపించకు. నేనే చెప్తాను. ఈ నెలాఖరుకు నా కాంట్రాక్టు మళ్ళీ రాయాలి ఆయమ్మా. ఆ సంతకం పడనీ. పడిన మర్నాడే చెప్తాను, ఒట్టు."

"నెలాఖరు దాకా ఆవిణ్ణి ఉంచుతారా?"

అతను టంకం కడ్డీని స్పాంజి మీద ఒత్తాడు. అది సుయ్‌మంది.

శనివారం పొద్దున్నే నిదానమ్మ చేతులు సబ్బుతో కడుక్కుని నోటుపుస్తకంతో మేనేజరు గదికి వెళ్ళింది. ఆ గదిలో బకెట్ లేకుండా అడుగుపెట్టడం ఆమెకదే మొదటిసారి. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. చెప్పాల్సింది చెప్పి, పుస్తకం ఇచ్చింది. కార్డు సంగతి, చెత్తబుట్ట సంగతి కూడా చెప్పింది.

మేనేజరు చెడ్డమనిషి కాదు. ఆమెను కూర్చోమన్నాడు. పుస్తకం మొదటి పేజీనుంచి చూశాడు. అఆలు, గుణింతాలు, తర్వాత టెంపుటూలు, వాటి మధ్య వంకర 'ఖ'.

"నువ్వే రాశావా?"

"ఆఁ బాబూ."

"ఎవరు నేర్పారు?"

"టైపిస్టమ్మే."

"ఎప్పుడు?"

"మధ్యాహ్నం పూట, అన్నం తిన్నాక."

"ఎక్కడ కూర్చుని?"

"ఆవిడ బల్ల దగ్గరే. మిషన్లో చూపించి రాయించేది." అని ఆగింది. అతని పెన్ను కదులుతోంది.

కంప్యూటరాయనను పిలిపించారు. అతను తలుపు దగ్గరే నిలబడ్డాడు. మేనేజరు అడిగాడు. "ఈమె అంటోంది, ఆ మిషన్లో మీరు పెట్టిన ప్రోగ్రాం ఏదో అన్నాళ్ళూ నడిచిందని. నిజమేనా?"

అతను నిదానమ్మ వైపు చూడలేదు. బల్ల మీద తెరిచి ఉన్న పుస్తకాన్ని చూశాడు.

"ఆ మిషన్లో అలాంటిది ఏమీ లేదండి," అన్నాడు. "కావాలంటే ఇప్పుడే పదండి, మీరే చూడొచ్చు."

వెళ్ళారు. టైపిస్టమ్మ లేచి పక్కన నిలబడింది. జాబితా తెరిచారు. పైన ఏదో చిన్న పేరు, పక్కన 2. మేనేజరు పట్టిక కూడా తెరిపించి చూశాడు. అందులో ఏ పేరూ లేదు. కంప్యూటరాయన చెప్పినదాంట్లో ఒక్క మాట కూడా అబద్ధం కాదు.

"పుస్తకం నా దగ్గర ఉండనీ," అన్నాడు మేనేజరు.

సోమవారం నీలం ట్రేలో డాక్టర్ల కాగితాల మధ్య మేనేజరు చేతిరాతలో ఒక కాగితం వచ్చింది. ఆఫీసు ఉత్తర్వులు ఏవైనా టైపు గదికే వస్తాయి. పై నుంచి ఒక్కొక్కటే తీసి చేయడం టైపిస్టమ్మ అలవాటు. వరస వచ్చింది, తీసింది. చదివింది. వెన్ను కొంచెం నిటారు చేసుకుని టైపు చేయడం మొదలుపెట్టింది.

చిన్న టైపిస్టు తెర వైపు చూసి లేచి వచ్చింది. "అక్కా, అది ఇటివ్వు. నేను చేస్తాను. అయ్యో, ఇటివ్వు అక్కా."

"నువ్వు మేనేజరు రాత చదవలేవు. కూర్చో."

ఎక్కడా ఆగలేదు. ఒక్క తప్పు పడలేదు. అచ్చుతీసి, అంచులు సరిచేసి, మేనేజరు సంతకం కోసం ట్రేలో పెట్టింది. సాయంత్రం లెక్కపుస్తకంలో 47 అని రాసింది. ఆ నలభై ఏడులో అదీ ఒకటి.

నిదానమ్మ తలుపు దగ్గర నిలబడి ఉంది. "అందులో ఏం రాశారమ్మా?"

టైపిస్టమ్మ డ్రాయరులోంచి దువ్వెన, కళ్ళద్దాల పెట్టె, సగం అరిగిన రబ్బరు తీసి సంచిలో వేసుకుంటోంది. "పని ఎగ్గొట్టానని. ఇంకా, ఆఫీసు మిషన్ మీద, ఆఫీసు స్థలంలో సొంత పాఠాలు చెప్పానని."

"నేను చూపించకపోయి ఉంటే..."

"అక్కా."

"నా నోరు పడిపోను. ఆవిడే నేర్పిందని నేనే చెప్పాను. గొప్పగా చెప్పాను."

టైపిస్టమ్మ సంచి నేల మీద పెట్టింది. నిదానమ్మవి రెండు చేతులూ తన చేతుల్లోకి తీసుకుంది. ఆ వేళ్ళు ఊరుకోలేదు, పట్టుకున్న చేతి వెనక కూడా ఏదో టైపు చేస్తున్నట్టు మెల్లగా కదులుతూనే ఉన్నాయి.

"ఉత్తర్వు చివర ఏముందో తెలుసా? జతపరచినవి: ఆయా నోటుపుస్తకం ఒకటి. ఆ మాట నా చేత్తోనే కొట్టాను. తమ్ముడు అంతా తుడిచేశాడు కదా. మిషన్లో లేదు, పట్టికలో లేదు, చెత్తబుట్టలో కూడా లేదు. నీ పుస్తకం మాత్రం నా ఫైలుకు కుట్టి రికార్డు గదిలో పెడతారు. ఇక్కడ రోగులు పోతారు, డాక్టర్లు పోతారు. ఫైలు మాత్రం ఎవరూ పారెయ్యరు."

"ఎవరు చూస్తారమ్మా ఆ చీకట్లో?"

"రికార్డు గది తుడిచేదెవరు?"

ఆమె సంచి ఎత్తుకుంది. మెట్ల దగ్గర కంప్యూటరాయన గది తలుపు మూసి ఉంది. కింద గీతలా వెలుతురు కనిపిస్తోంది. ఆమె దాని ముందు నుంచే, ఆగకుండా వెళ్ళిపోయింది.

నెల తిరిగాక రికార్డు గదిలో దుమ్ము దులుపుతూ నిదానమ్మ ఆ ఫైలు వెతికింది. ఇదివరకు అరలన్నీ ఆమెకు ఒకేలా ఉండేవి, ఇప్పుడు ప్రతి అట్ట మీదా ఒక పేరు ఉంది. ఒక్కొక్కటీ కూడబలుక్కుంటూ చదువుకుంటూ పోతే మూడో అర చివర దొరికింది. తన చేతులను బట్టకు తుడుచుకుని తెరిచింది. ఉత్తర్వు మొత్తం చదవడానికి ఆ పూటంతా పట్టింది. కాగితం మీద అచ్చైన మాటలు మొదటినుంచి చివరిదాకా ఒంటరిగా చదవడం ఆమెకదే మొదలు. వెనక నోటుపుస్తకం దారంతో కుట్టి ఉంది. తేదీ. టెంపుటూ 91. నిలబడిన 'ట'.

తుడుపుకర్ర ఆనించి, ఆ వరస పైకి చదివింది. గదిలో ఎవరూ లేరు. నిదానంగా ఇంకోసారి చదివింది.

రాసింది: నిదానమ్మ, వయసు అరవై నాలుగు. పనిలోంచి దిగాక ఇప్పుడుంటున్నది టైపిస్టమ్మ ఇంటి ముందుగదిలో, వాళ్ళ అత్తగారి మంచం ఉండిన కిటికీ పక్కన.